దీవెనమ్మ గారి బుడ్డి పాఠం

పెద్దలు పక్కన పెట్టినవారిని పేరు పెట్టి పిలిచే దేవునికి స్తోత్రం. ఇన్నేళ్ళు నన్ను కాచి, కంటికి చూపునూ చేతికి కలాన్నీ ఇంకా ఉంచి, నన్ను నవ్వించిన మనుషుల్ని మరపు రాకుండా నాలో నిలిపిన ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఆయనను స్తుతించకుండా దీవెనమ్మ గారి గురించి మొదలుపెడితే ఆవిడ ఒప్పుకునేవారు కాదు. బడిలో ఎక్కాలు కూడా ప్రార్థన తర్వాతే చెప్పించిన మనిషి.

మొన్న మా సంఘంలోని ఒక సోదరి పరిశుద్ధ స్థలాల యాత్ర చేసి వచ్చి నాకొక చిన్న రాతిబుడ్డి ఇచ్చింది. అరచేతిలో ఇమిడిపోయింది. వేసవిలో నీళ్ళకుండ మెడ పట్టుకున్నట్టు చల్లగా ఉంది. కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే వెలుగు ఆ రాతిలోకి ఇంకి, మీగడ మీద తేనె పడిన రంగులో పైకి తేలింది. "అలబాస్టరు అంటారు పెద్దమ్మా. ప్రభువు దగ్గరికి ఆ స్త్రీ తెచ్చిన అత్తరుబుడ్డి ఇలాంటిదేనట" అంది సోదరి భక్తిగా. నాకు నవ్వాగలేదు. పాపం, ఆమె నొచ్చుకునే ఉంటుంది. ఆమెకు అప్పుడు చెప్పలేకపోయినదే ఇప్పుడు రాస్తున్నాను.

నేను నక్కపల్లి నుంచి ట్రంకుపెట్టెతో అనకాపల్లి మిషను బడికి టీచరుగా వచ్చేనాటికి యుద్ధం చివరికొచ్చింది. బియ్యానికీ బట్టకూ కిరసనాయిలుకూ కంట్రోలు, మనిషికింతని కొలిచి ఇచ్చేవారు. దీవెనమ్మ గారు ఆ బడికి హెడ్మిస్ట్రెస్, ఆదివారం బడికి పెద్ద. పొడవాటి మనిషి, తెల్లచీర, చంకలో నల్లగొడుగు. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నన్ను తన ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆవిడకు ఒక్కటే బలహీనత, నవ్వు. ప్రార్థన మధ్యలో ఎవరైనా తప్పు మాట అన్నారంటే ఆవిడ భుజాలు కదలడం మొదలయ్యేది. కొంగు నోట్లో కుక్కుకునేవారు. చూసినవాళ్ళు ఆవిడ పశ్చాత్తాపంతో ఏడుస్తున్నారనుకునేవారు.

"చూపించకుండా ఏ పాఠమూ చెప్పకే అమ్మాయీ" అని మొదటి రోజే నాతో అన్నారు. అది ఆవిడ పద్ధతి. ఆవగింజ గురించి చెప్పాలంటే పోపులపెట్టెతో వచ్చేవారు. పులిసిన పిండి పాఠానికి కల్లుముంత తెప్పించి పిండిలో కలిపితే, సంఘపెద్ద ఆశీర్వాదం గారు అయ్యగారికి ఫిర్యాదు చేశారు. అయ్యగారంటే మా పాస్టరు గారు. సూది బెజ్జంలో ఒంటె దూరే పాఠానికి ఒంటె దొరక్క, గేదెను తరగతిలోకి తోలించారు. ఆ గేదె నల్లబల్ల తుడిచే గుడ్డ నమిలి మింగేసింది. పిల్లలు మాత్రం ఆ పాఠాన్ని చచ్చేదాకా మరిచిపోయి ఉండరు.

ఇంత చేసినా ఆవిడకు లొంగని పాఠం ఒక్కటే ఉండేది. అది అత్తరుబుడ్డి పాఠం, ఒక స్త్రీ ప్రభువు పాదాల మీద అత్తరంతా పోసి తన జుట్టుతో తుడిచిన కథ. ఆ స్త్రీ తెచ్చినది తెల్లరాతితో చేసిన పాత్ర అని ఇంగ్లీషులో ఉందట. మన తెలుగులో మాత్రం బుడ్డి అని ఊరుకున్నారు. అనకాపల్లిలో బుడ్డి అంటే రెండే. ఒకటి కిరసనాయిలు దీపం, రెండోది సారా. ఆవిడ భక్తిగా "అప్పుడొక స్త్రీ బుడ్డి పట్టుకుని వచ్చింది" అనగానే వెనక బల్ల మీది పిల్లలు రెండోదాన్ని తలుచుకుని కిచకిచలాడేవారు. వాళ్ళతోపాటు ఆవిడ భుజాలూ కదిలేవి.

నాకు అప్పగించిన పనుల్లో ఒకటి, బాప్తిస్మానికి సిద్ధపడేవారికి ప్రశ్నలూ జవాబులూ నేర్పడం. ఆ తరగతిలో నూకాలమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. కోటవురట్ల వైపు నుంచి వచ్చి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసేది. ఆమె తలకట్టు మీద బెల్లం వాసన ఎప్పటికీ పోయేది కాదు. మందిరంలోకి వస్తే ఈగలు కూడా ఆమె వెంటే వచ్చేవి. రెండుసార్లు బాప్తిస్మ పరీక్ష తప్పింది. పరీక్ష చేసేది ఆశీర్వాదం గారే. కోటు, కండువా, వెండిపొన్ను కర్ర, తప్పు పట్టడంలో అలుపెరగని ఓపిక ఆయన సొత్తు.

"ప్రభువు ఎక్కడ పుట్టేడు?" అని అడిగారు ఆయన మొదటిసారి.

"పశువుల పాకలోన బాబు."

"అది సరే. ఏ ఊరు?"

"ఊరు గేపకం లేదు. పురిటికి సోటివ్వని ఊరు ఏ ఊరైతే ఏటి బాబు."

తప్పు అని రాసుకున్నారు ఆశీర్వాదం గారు. రెండోసారి శిష్యులెంతమంది అని అడిగారు. నూకాలమ్మ వేళ్ళు మడిచి, విప్పి, చివరికి "ఆపదొచ్చినప్పుడు ఒక్కడు కూడా లేడు బాబు" అంది. దీవెనమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకోవడం ఆలస్యమైంది. ఆ నవ్వు మందిరం చివరిదాకా వినిపించింది. ఆశీర్వాదం గారి ముఖం ఎర్రబడింది.

"ఇది నవ్వులాట కాదండి దీవెనమ్మ గారూ. ఏటీ తెలియని మనిషికి బాప్తిస్మం ఇచ్చేరంటే ఊళ్ళో మనల్ని ఏటంటారు? ఇదే చివరిసారి. మట్టల ఆదివారం నాడు సంఘం ముందర సువార్తలో ఒక్క సంగతి మొదట్నుంచి చివరిదాకా తనంతట తను చెప్పాలి. చెప్తే ఈస్టరుకు శారదా నదిలో బాప్తిస్మం. చెప్పలేకపోతే పేరు కొట్టేద్దాం. ఏవండీ అయ్యగారూ?"

మా అయ్యగారు మంచివారు. ఆ మంచితనం వల్లే ఆశీర్వాదం గారికి ఎదురు చెప్పలేరు. తలూపారు.

నూకాలమ్మకు ఇది ఎందుకంత అవసరమో చెప్పాలి. ప్రభువు బల్ల, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారం జరిగేటప్పుడు బాప్తిస్మం లేనివాళ్ళు బయటికి వెళ్ళాలి. ఆమె వెళ్ళి గుమ్మం దగ్గర చెప్పుల మధ్య కూర్చునేది. లోపల రొట్టె, గిన్నె ఒకరి చేతి నుంచి ఒకరికి అందుతూ ఉంటే మెడ చాచి చూసేది. "నాకూ ఒక గుక్క ఎప్పుడిత్తారమ్మా సిన్న టీచరమ్మా? మార్కెట్లో దాహమేత్తే నాకెవులూ సెంబు ముట్టనివ్వరు. దోసిట్లో పోత్తారు. ఇక్కడ అందరూ ఒక్క గిన్నెలోనే తాగుతారు గదా" అని నన్ను అడిగింది ఒకసారి. ఆ గుక్క కోసం ఆమె ప్రశ్నోత్తరాలన్నీ దిమ్మలు మోస్తూ వల్లె వేసేది. దిమ్మ దించేసరికి అవీ దిగిపోయేవి.

అదే రోజుల్లో ఆశీర్వాదం గారబ్బాయి యోహాను మిలిటరీ నుంచి వచ్చాడు. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, లారీ తోలాడు. తల్లికి చీర, తండ్రికి ఒక తెల్లరాతి బుడ్డి తెచ్చాడు. ఆ బుడ్డి అనకాపల్లికి వచ్చిన మర్నాడే ఆశీర్వాదం గారు దాన్ని తువ్వాల్లో చుట్టి ఇంటింటికీ తీసుకెళ్ళి చూపించారు. ముట్టుకోనివ్వలేదు. తర్వాత మందిరంలో సంస్కారపు గిన్నె ఉండే బీరువాలో, గిన్నె పక్కనే పెట్టి తాళం వేశారు. "సొలొమోను మందిరానికి కూడా ఇలాంటి తెల్లరాయే వాడేరు. ఇది ఇక్కడే ఉండాలి" అన్నారు.

దీవెనమ్మ గారు ఆ సాయంత్రమే గొడుగు పట్టుకుని వాళ్ళింటికి బయలుదేరారు. నేనూ వెంట వెళ్ళాను. బుడ్డిని ఒక్క గంట తరగతికి ఇవ్వమని అడిగితే ఆశీర్వాదం గారు ససేమిరా అన్నారు. యోహాను పక్కనే కూర్చుని బఠానీలు నములుతున్నాడు.

"ఇవ్వండి నాన్నా, ఏటైపోద్ది. అక్కడ ఆ రాయి మనకి బెల్లం లాగ. కిటికీలకి పెడతారు, దీపాలకి పెడతారు. ఒక మసీదైతే గోడలన్నీ అదే. పాతకాలం రాజులు చచ్చిపోతే వాళ్ళ పేగులు తీసి ఇలాంటి బుడ్లలోనే దాచేవారంట."

ఆశీర్వాదం గారు మందిరం వైపు తల తిప్పారు. ఆయన కళ్ళ ముందు బీరువా, అందులో బుడ్డి, దాన్ని ఆనుకుని సంస్కారపు గిన్నె కనపడుతున్నాయని నాకు అర్థమైంది. దీవెనమ్మ గారి భుజాలు అప్పటికే కదులుతున్నాయి.

"ఇందులోనా?" అన్నారు ఆయన మెల్లగా.

"ఇందులో కాదు నాన్నా. ఇది బజార్లో కొత్తది కొన్నాను."

అయినా మర్నాడు పొద్దున్నే బుడ్డి బీరువాలోంచి బయటికి వచ్చింది. తరగతికి ఒక గంట ఇవ్వడానికి ఒప్పుకున్నారు. తాను పక్కనే కూర్చోవాలని షరతు పెట్టారు.

ఆ తరగతిని నేను మరవను. తలుపులు మూసి, బుడ్డి వెనక దీపం పెట్టారు దీవెనమ్మ గారు. రాయి వెలిగింది. పిల్లలు నోళ్ళు తెరిచారు. చూడడానికి వచ్చిన అయ్యగారు "దీన్ని అలబాస్టరు అంటారు" అని పేరు చెప్పారు. బాప్తిస్మ తరగతివాళ్ళతో వెనక కూర్చున్న నూకాలమ్మ ఆ పేరును నోట్లో తిప్పి చూసుకుంది.

"ఏల బస్తా?"

"అలబాస్టరు, నూకాలమ్మా."

"బస్తాడు అత్తరా ఓలమ్మ. ఆ అమ్మ ఎలా మోసేసిందో."

బెల్లం మార్కెట్లో బతికిన మనిషికి ఆ మాటలో బస్తా తప్ప ఇంకేం వినపడుతుంది? దీవెనమ్మ గారు నవ్వుకుని కళ్ళు తుడుచుకున్నారు. బస్తా కాదు, ఈ చిన్నదే అని దగ్గరికి పిలిచారు. నూకాలమ్మ వంగి లోపలికి చూసింది.

"ఏటీ లేదేటి బాబు ఇందులోన?"

"ఏటీ లేదు. ముట్టుకోకు" అన్నారు ఆశీర్వాదం గారు.

"ఏటీ లేని దానికి కాపలా ఎందుకు బాబు?"

ఆయన బుడ్డిని తువ్వాల్లో చుట్టేశారు. గంట ఇంకా కాలేదు.

అత్తరంటే ఏమిటో నూకాలమ్మకు తెలియదు కదా అని, ఆ మర్నాడు దీవెనమ్మ గారు మా ఇద్దరినీ అత్తర్లు అమ్మే సాయిబు గారి కొట్టుకు తీసుకువెళ్ళారు. ఆయన తెల్లగడ్డం మనిషి. పిల్లలకు పాఠం కోసమని ఏదడిగినా ఇచ్చేవారు. ఆ కథలోని అత్తరు చేసే జటామాంసి వేరు ఒకటి తీసి నూకాలమ్మ చేతిలో పెట్టారు. తర్వాత దూదిని పుల్లకు చుట్టి, సీసాలో ముంచి ఆమె మణికట్టుకు రాశారు. నూకాలమ్మ వాసన చూసి, గట్టిగా తుమ్మి, మళ్ళీ చూసింది.

"రాతిబుడ్డిలో పెడితే అత్తరు చల్లగా ఉంటాదమ్మా, ఎగిరిపోదు. మా తాత చెప్పేవోడు" అన్నారు సాయిబు గారు. "ఐగుప్తులో ఆ రాయితో మసీదు కట్టేరంట గదా, యోహాను బాబు చెప్పేడు. వినగానే ప్రాణం లేచొచ్చింది."

"ఒక బుడ్డెడు అత్తరు ఒకేసారి పోసేసే బేరం ఎప్పుడైనా చూశారా సాయిబు గారూ?" అని అడిగారు దీవెనమ్మ గారు.

"లేదమ్మా. నేను చుక్కలు చుక్కలుగా అమ్ముకునేవోడిని. బుడ్డెడు ఒక్కసారే పోసిందంటే ఆవిడకి పిచ్చైనా ఉండాల, ప్రేమైనా ఉండాల. రెండూ ఉంటే మరీ మంచిది."

వెనక్కి వస్తూ నూకాలమ్మ మణికట్టును వాసన చూసుకుంటూనే నడిచింది. చివరికి దారిలో ఆగి అడిగింది. "పెద్ద టీచరమ్మా, ఆ అమ్మ అదే ఎందుకు తెచ్చింది? ఏ కొబ్బరినూనో తేకూడదా?"

"ఇంట్లో ఉన్నవాటిలో దానికంటే విలువైంది ఆవిడకి ఇంకోటి లేదే నూకాలమ్మా. అందుకు అదే తెచ్చింది. కొంచెం మిగుల్చుకుందాం అనుకోలేదు" అన్నారు దీవెనమ్మ గారు. నూకాలమ్మ తలూపింది. మేం ఆ ఒక్క సంగతినే ఆమెతో చెప్పిద్దామని అనుకున్నాం. వారమంతా నేను వల్లె వేయించాను. బేతనియ అనే ఊరి పేరు దగ్గర ప్రతిసారీ ఆగిపోయేది.

మట్టల ఆదివారం వచ్చింది. పిల్లలు కొబ్బరి మట్టలతో పాడుకుంటూ మందిరం చుట్టూ తిరిగివచ్చారు. అయ్యగారు ముందు కుర్చీలో కూర్చున్నారు. మందిరంలో ఎవరికీ చెప్పులుండవు కాబట్టి ఆయనవీ ఉత్త కాళ్ళే. పక్క కుర్చీలో ఆశీర్వాదం గారు. నూకాలమ్మను పిలిచారు. ఆమె కొంగు కింద ఏదో పట్టుకుని ముందుకు వచ్చి నిలబడింది.

"చెప్పు నూకాలమ్మా" అన్నారు అయ్యగారు.

ఆమె పెదాలు కదిలాయి. మాట రాలేదు. ముందు వరుసలోంచి నేను "బేతనియ" అని పెదాలతో అందిస్తున్నాను. ఆమె నా వైపు చూడలేదు. మందిరమంతా దగ్గులూ గుసగుసలూ మొదలయ్యాయి. ఆశీర్వాదం గారు జేబులోంచి కలం తీశారు.

"నాకు మాటలు రావు అయ్యగోరూ" అంది నూకాలమ్మ. "సేసి సూపిత్తాను."

అని నేల మీద కూర్చుంది. కొంగు కింది నుంచి తన కిరసనాయిలు బుడ్డి తీసింది. వత్తి లాగి పక్కన పెట్టింది. ఎవరికీ ఏమీ అర్థమయ్యేలోగా అయ్యగారి పాదాల మీద బుడ్డి మొత్తం వంపేసింది.

అయ్యగారు కుర్చీలోంచి లేచినంత పని చేశారు. వాసన గుప్పున కొట్టింది. ముందు వరుసల వాళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నూకాలమ్మ చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి. తుడుద్దామని జుట్టుముడి విప్పబోయింది.

"ఏటిది, ఏటిది? కంట్రోలు షాపు దగ్గర పొద్దుట్నుంచి నిలబడితే దొరకని సరుకు. ఇలా నేలపాలు చేస్తావా? బీదాబిక్కీ ఇళ్ళలో దీపానికైనా పనికొచ్చేది కదా" అన్నారు ఆశీర్వాదం గారు కర్ర నేలకేసి కొడుతూ.

ఆయన ఏమన్నారో అందరికంటే ముందు దీవెనమ్మ గారికి తట్టింది. కొంగు వెతుక్కోలేదు. లేచి నిలబడి, నవ్వుతూ, ఏడుస్తూ అన్నారు.

"ఆశీర్వాదం గారూ, కథలో అత్తరు పాడైందని ఆ మాట అనేవాళ్ళు కూడా ఉన్నారండి. నూకాలమ్మ తన వంతు చేసింది. మీరు మీ వంతు చెప్పేరు. మిగిలింది ప్రభువు అన్న మాటొకటే. అది అయ్యగారు చెప్పాలి."

ఆశీర్వాదం గారు కర్రను మెల్లగా కుర్చీకి ఆనించారు. నలభై ఏళ్ళుగా ఆ కథ చదువుతున్న మనిషి. చుట్టూ ఒక్కొక్కరే కొంగుల వెనక నవ్వడం మొదలుపెట్టారు. అయ్యగారు తన తడికాళ్ళను చూసుకున్నారు. కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి ఆశీర్వాదం గారి వైపు చూడకుండా మాట్లాడారు.

"ఈమెను ఎవరూ ఇబ్బందిపెట్టొద్దు. ఈమె మంచి పని చేసింది. ఈస్టరుకు బాప్తిస్మం." కొంచెం ఆగి, "దయచేసి ఎవరూ అగ్గిపుల్ల గీయకండి" అన్నారు.

ఆ నవ్వు తగ్గేసరికి చాలాసేపు పట్టింది. తగ్గాక చూస్తే, ఆశీర్వాదం గారు మెడలోని పట్టు కండువా తీసి, మోకాళ్ళ మీద వంగి అయ్యగారి పాదాలు తుడుస్తున్నారు. నూకాలమ్మ రెండో పాదం దగ్గరికి జరిగి ఆయనకు చోటిచ్చింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆ సాయంత్రం నాకొక ఆలోచన వచ్చింది. ఆమె ఇంట్లో ఇప్పుడు దీపం లేదు. బడికి ఇచ్చిన కిరసనాయిలులో కొంత ఆమెకు పోసి వస్తానని సీసా తీశాను. దీవెనమ్మ గారు నా చేతిలోంచి సీసా తీసుకుని యథాస్థానంలో పెట్టేశారు.

"ఆవిడ ఇచ్చిన పూటే మనం తిరిగిచ్చేస్తే ఆవిడ ఇచ్చినదానికి విలువేటి మిగుల్తుందే? కొంగు సర్దుకో. మనమే వెళ్ళి కూర్చుందాం."

నూకాలమ్మ పొద్దుండగానే గంజి కాచుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. మేమిద్దరం పక్కన కూర్చున్నాం. పొద్దు వాలి చీకటి పడింది. ఎవరి ముఖం ఎవరికీ కనపడలేదు. దీవెనమ్మ గారు పాట ఎత్తుకుంటే నూకాలమ్మ తప్పు మాటలతో అందుకుంది. చీకట్లో పెద్ద టీచరమ్మ భుజాలు నా భుజానికి తగిలి కదులుతూనే ఉన్నాయి. కంట్రోలులో మళ్ళీ కిరసనాయిలు వచ్చేదాకా పొద్దు వాలగానే అక్కడికే వెళ్ళాం. నాకు వేదాంతం నేర్పిన బడి అదే.

ఈస్టరు నాడు నూకాలమ్మ శారదా నదిలోంచి లేచి నీళ్ళు కారుతూ వచ్చి బల్ల దగ్గర అందరితో కూర్చుంది. గిన్నె ఆమె దాకా వచ్చింది. ఒక గుక్క అన్న మనిషి కళ్ళు మూసుకుని తాగుతూనే ఉంది. పక్కన గిన్నె కోసం చెయ్యి చాచి ఉన్నది ఆశీర్వాదం గారు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఖాళీ గిన్నె అందుకుని, అయ్యగారి దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ నింపించుకుని వచ్చారు.

దీవెనమ్మ గారు ప్రభువులో నిద్రించి చాలాకాలమైంది. ఆవిడ తర్వాత నేనూ ఎన్నో ఏళ్ళు బాప్తిస్మ పరీక్షలు చేశాను. నా ముందు నిలబడి మాట రాక ఆగిపోయిన ప్రతి మనిషినీ నేను ఒకే ప్రశ్న అడిగాను, మీరు ఏం తెచ్చారు అని. ఎవరూ ఉత్త చేతులతో రాలేదు. చదువరీ, పుస్తకం పక్కన పెట్టి ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. ప్రభువా, తమకున్నదంతా పట్టుకుని ఎవరైనా మా దగ్గరికి వచ్చినప్పుడు, అది ఏ వాసన వేసినా సరే, మా పాదాలు వెనక్కి తీసుకోకుండా మమ్మల్ని కూర్చోబెట్టు. ఆమేన్ అనండి.